తరగతికి పాడ్‌కాస్ట్: వినిపించడమా, మనమే రికార్డు చేయడమా, పిల్లలచేత చేయించడమా?

"మా స్కూల్లో పాడ్‌కాస్ట్ మొదలెడదామనుకుంటున్నాం, ఏ మైకు కొనమంటారు?" విశాఖలో టీచర్లు నలుగురు చేరితే ఈమధ్య ఎవరో ఒకరు ఇలా అడుగుతున్నారు. మైకు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు చేయాలనుకుంటున్న పని ఏదో తేలాలి. పాడ్‌కాస్ట్ అనే ఒక్క మాట కింద నాలుగు వేరువేరు పనులున్నాయి. ఎవరో చేసిన ఎపిసోడ్‌ను తరగతిలో వినిపించడం ఒకటి. పాఠాన్ని మన గొంతుతో రికార్డు చేసి ఇంటికి పంపడం రెండోది. పిల్లలచేతే ఎపిసోడ్ చేయించడం మూడోది. టీచర్లుగా మన పని మెరుగుపరుచుకోవడానికి మనం వినడం నాలుగోది. వీటికి అయ్యే ఖర్చు వేరు, పట్టే టైము వేరు, మిగిలే ఫలితం వేరు.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. ఎనిమిది, తొమ్మిది తరగతులైతే పిల్లలచేత చేయించండి. ప్రైమరీ, ఆరు, ఏడు అయితే మీ గొంతుతో చిన్న చిన్న రికార్డింగులు ఇవ్వండి. మీరు నేర్చుకోవడానికైతే ఒంటరిగా కాకుండా నలుగురితో కలిసి వినండి. రెడీమేడ్ ఎపిసోడ్ ఊరగాయలాంటిది, పక్కన కాస్త ఉంటే బాగుంటుంది, దాంతోనే కడుపు నిండదు.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముందు ఫోను. పెదజాలారిపేటలోనో, కంచరపాలెంలోనో, గాజువాక వెనక కాలనీల్లోనో ఉండే పిల్లల ఇళ్లలో చాలావాటికి స్మార్ట్‌ఫోన్ ఒక్కటే. అది నాన్నతోపాటు ఆటోలోనో, ఫిషింగ్ హార్బర్‌లోనో తిరిగి రాత్రికి ఇల్లు చేరుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే దానికోసం పోటీ. కాబట్టి "రాత్రికి విని రండి" అన్న హోంవర్కు తరగతిలో సగంమందికి అందదని లెక్కేసుకునే దిగాలి. విననివాళ్లు వెనకబడిపోయేలా ఉంటే ఆ పని మొదలుపెట్టకపోవడమే నయం.

డేటా విషయంలో మాత్రం వీడియో కంటే ఆడియోదే పైచేయి. మాట మాత్రమే ఉండే రికార్డింగును 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) మోనోలో సేవ్ చేస్తే 10 నిమిషాలకు 5 ఎంబీ కూడా కాదు. 128లో చేస్తే రెట్టింపు. అదే పాఠాన్ని వీడియోగా పంపితే ఎన్నో రెట్లు పెరుగుతుంది. నెలాఖరుకు రీచార్జి అయిపోయే ఇంట్లో ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఇక విన్నది ఎంత నిలుస్తుంది? ఈ ప్రశ్న వేసుకోనివాళ్లే ఎక్కువ. అచ్చులో ఉన్న వాక్యం అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్తుంది. చెవికి ఆ వీలు లేదు, మాట వచ్చి వెళ్లిపోతుంది. 2010లో డేవిడ్ డేనియల్, విలియం వుడీ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్లో కొందరికి ఒక వ్యాసం చదవమని, మిగతావాళ్లకు అదే వ్యాసాన్ని పాడ్‌కాస్ట్‌గా వినమని ఇచ్చి పరీక్ష పెడితే విన్నవాళ్లు స్పష్టంగా వెనకబడ్డారు. కాలేజీ పిల్లల సంగతే అలా ఉంటే ఏడో తరగతి పిల్లాడి ముందు 25 నిమిషాల ఎపిసోడ్ పెట్టి ఏం ఆశిస్తాం? నిడివి తగ్గించడం, మధ్యలో ఆపడం, విన్నాక ఏదో ఒక పని చేయించడం, ఈ మూడూ లేకుండా ఏ దారి పట్టినా ఒకటే.

మీ టైము కూడా లెక్కలోకి రావాలి. హాజరు, భోజనాల లెక్క, ఫొటోల అప్‌లోడ్ అన్నీ అయ్యాక మీకు మిగిలే లీజర్ పీరియడ్ ఒకటో, అదీ లేదో. వారానికి ఎంత ఇవ్వగలరో నిజాయితీగా అనుకుని ఆ తర్వాత కింది పట్టిక చూడండి.

| దారి | కావాల్సినవి | టీచర్ సమయం | పిల్లలకు మిగిలేది | ఎక్కడ చెడుతుంది |
|---|---|---|---|---|
| రెడీమేడ్ ఎపిసోడ్ వినిపించడం | ఫోను, స్పీకరు | తక్కువ. కానీ ముందే పూర్తిగా వినాలి | వినే అలవాటు, ఉచ్చారణ | నిడివి ఎక్కువ, మన సిలబస్‌కు అతకదు |
| మన గొంతుతో పాఠం | ఫోను, వాట్సాప్ గ్రూపు | ఓ మోస్తరు, ప్రతి వారం | పునశ్చరణ, పుస్తకం చదివే ధైర్యం | ఇంట్లో ఫోను లేని పిల్లలు |
| పిల్లలచేత చేయించడం | ఫోను, ఒక కంప్యూటరు | మొదట్లో చాలా ఎక్కువ | అడగడం, రాయడం, మాట్లాడటం, రికార్డింగును కోయడం (ఎడిటింగ్) | సిలబస్ ఒత్తిడి, అనుమతులు |
| టీచర్లుగా వినడం | ఫోను | ప్రయాణంలో సరిపోతుంది | (మనకే) కొత్త ఆలోచనలు | విని మరిచిపోవడం |

రెడీమేడ్ ఎపిసోడ్లు

సీబీఎస్‌ఈ స్కూలైతే శిక్షా వాణి ఉంది. బోర్డే నడిపే ఈ పాడ్‌కాస్ట్ ప్రధానంగా 9 నుంచి 12 తరగతుల కోసం. ఇంగ్లిష్ వినికిడికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌వాళ్ల ఆరు నిమిషాల కార్యక్రమం ఉంది, రాతప్రతి కూడా ఇస్తారు. రాష్ట్ర సిలబస్ పిల్లలకు పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా అనే ప్రభుత్వ పోర్టల్ తెరుచుకుంటుంది. అక్కడ దొరికేది ఎక్కువగా వీడియోయే అయినా పాఠానికి నేరుగా అతుకుతుంది.

తెలుగులో కథలు, చరిత్ర, ఇంటర్వ్యూలు బోలెడు. ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రానికి, మన పాఠం వరుసలో, పిల్లల స్థాయిలో తెలుగు ఆడియో వెతకబోతే మాత్రం చేతికి చిక్కేది స్వల్పం. ఇంగ్లిష్‌లో కొల్లలుగా ఉన్నాయి, కానీ ఆ యాసకు మన పిల్లల చెవి అలవాటుపడటానికే నెల పడుతుంది.

వాడాలనుకుంటే రెండు జాగ్రత్తలు. ఎపిసోడ్‌లోంచి నాలుగైదు నిమిషాల ముక్క మాత్రమే తీసుకోండి. వినిపించే ముందు బోర్డు మీద రెండు ప్రశ్నలు రాయండి, మొదటిసారి ఊరికే విననిచ్చి రెండోసారి జవాబులు వెతకమనండి. రెండోది, యాప్‌ను నమ్ముకోవద్దు. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్‌నే గూగుల్ మూసేసింది. యాప్ అనుమతిస్తే ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, తరగతిలో నెట్ కోసం ఎదురుచూస్తూ ముప్పావు గంట పీరియడ్‌లో పది నిమిషాలు పోగొట్టుకోకుండా.

రేడియో సంగతి అడిగేవాళ్లున్నారు. సిరిపురంలోని ఆకాశవాణి కార్యక్రమాలు బాగుంటాయి, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఫోన్‌లోనే వినొచ్చు. అయితే రేడియో టైముకు మన టైంటేబుల్ కుదరదు, వెనక్కి తిప్పి వినలేం. ఇంటి దగ్గర పెద్దవాళ్లతో కలిసి వినమని చెప్పడానికి బాగుంటుంది.

మన గొంతుతో

ఇది గొప్పగా కనిపించదు. పేరు పెట్టి, లోగో గీయించి, ఫేస్‌బుక్‌లో పెట్టుకునే పని కాదు కనుక దీన్ని పాడ్‌కాస్ట్ అనడానికే కొందరు ఒప్పుకోరు. కానీ ప్రైమరీ, ఆరు, ఏడు తరగతులకు దీన్ని మించింది నాకు కనబడలేదు.

మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు ద్విభాషలో ఉన్నాయి కదా, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. పిల్లాడికి ఇంట్లో ఇంగ్లిష్ పేజీ చదివి వినిపించేవాళ్లు లేరు. అమ్మ ఐదో తరగతితో ఆపేసి ఉంటుంది. టీచర్ ఒక పేరా ఇంగ్లిష్‌లో నిదానంగా చదివి, కష్టమైన మూడు మాటలకు తెలుగులో అర్థం చెప్పి, మళ్లీ అదే పేరా మామూలు వేగంలో చదివితే మూడు నాలుగు నిమిషాలు. పిల్లాడు వేలు పెట్టి వెంట చదువుతాడు. ఇక్కడ అచ్చు కూడా ఎదురుగా ఉంది కాబట్టి చెవికి వచ్చిన మాట జారిపోదు. అమ్మ కూడా పక్కన కూర్చుని వింటుంది, అది మనం వేసుకోని లెక్క.

రికార్డు చేసేటప్పుడు పేజీ నంబరు మొదటే చెప్పండి. "పిల్లలూ, ఈరోజు మనం" అంటూ అరనిమిషం పీఠిక వద్దు. తప్పు దొర్లితే మొత్తం మళ్లీ చేయకండి, "కాదు, మళ్లీ చదువుతాను" అని అక్కడే సరిచేసుకోండి. టీచర్ కూడా తడబడి సర్దుకుంటుందని పిల్లలకు తెలియడం మంచిదే. వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. కాకపోతే గ్రూపులో గుడ్ మార్నింగ్ బొమ్మల కింద అది పూడుకుపోతుంది, కాబట్టి అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసే గ్రూపు వేరేగా పెట్టుకోండి.

ఫోను లేని పిల్లల కోసం అదే రికార్డింగును మర్నాడు ప్రార్థనకు ముందు పది నిమిషాలు వరండాలో స్పీకర్‌లో పెట్టండి. రావాలనుకున్నవాళ్లు పుస్తకం పట్టుకుని వస్తారు.

చూపు లేని, చూపు తక్కువగా ఉన్న పిల్లలకు ఈ దారి మరీ పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-విద్య కార్యక్రమంలో వాళ్లకోసం డైసీ అనే డిజిటల్ పద్ధతిలో ఆడియో పుస్తకాలు తెచ్చారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీ (ఆ పిల్లలకు నేర్పే) టీచర్‌ను అడిగితే మీ తరగతికి ఏది దొరుకుతుందో చూసిపెడతారు. వినికిడి సమస్య ఉన్న పిల్లలు తరగతిలో ఉంటే మాత్రం ఏ రికార్డింగైనా రాతప్రతితో కలిపే ఇవ్వాలి. ఇందులో బేరం లేదు.

పిల్లలచేత చేయించడం

ఎనిమిది, తొమ్మిది తరగతులకు నా ఓటు దీనికే. వినే పిల్లలకంటే చేసే పిల్లలకే పదింతలు వస్తుంది. ప్రశ్న తయారు చేయాలి, తెలియని పెద్దమనిషితో మర్యాదగా మాట్లాడాలి, గంట మాటల్లోంచి ఐదు నిమిషాలు ఏరాలి, మధ్యలో తన మాట రాసుకుని చదవాలి. భాషా బోధనలో మనం విడివిడిగా నేర్పే పనులన్నీ ఒకే పనిలో వచ్చి పడతాయి.

విషయాలకు విశాఖలో కరువా? 1933లో మొదలైన పోర్టు, ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, పూర్ణా మార్కెట్. నేనైతే హుద్‌హుద్ తుఫానుతో మొదలుపెట్టమంటాను. 2014 అక్టోబరు 12న ఆ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటేనాటికి ఇప్పటి హైస్కూలు పిల్లలు పసివాళ్లో, పుట్టనివాళ్లో. ఇంట్లో పెద్దవాళ్లందరికీ అది నిన్నటి సంగతిలా గుర్తుంది. అడగడానికి పిల్లాడికి నిజమైన కారణం, చెప్పడానికి తాతకు నిజమైన సంగతి ఉన్నాయి.

ప్రశ్న ఎలా అడగాలన్నదే అసలు పాఠం. "తుఫాను గురించి చెప్పండి" అంటే "అబ్బో, చాలా పెద్ద గాలి" అని ఒక్క ముక్కతో అయిపోతుంది. "ఆరోజు వంట ఎక్కడ చేశారు? కరెంటు వచ్చేదాకా నీళ్లు ఎలా తెచ్చుకున్నారు? మొదట విరిగిన చెట్టు ఏది?" అని అడిగితే ఆగకుండా వస్తుంది. పిల్లలకు ఈ తేడా మీరు చెప్తే ఎక్కదు. రెండు రికార్డింగులూ పక్కపక్కన వినిపించండి, వాళ్లే కనిపెడతారు.

ఇంకో మాట. పెద్దవాళ్లు "ఏటైపోతాదో అనుకున్నాం" అంటే దాన్ని కోసేయకండి, పుస్తకాల తెలుగులోకి మార్చి చదివించకండి. ఉత్తరాంధ్ర మాట స్కూలు మైకులోంచి అలాగే రావాలి. వ్యాఖ్యానం చదివే పిల్లాడు ఏ తెలుగులో చదువుతాడో వాడి ఇష్టానికి వదిలేయండి.

ఇప్పుడు మైకు. మొదటి ఏడాది కొనకండి. ఫోను చాలు, గది ముఖ్యం. స్లాబు గదిలో మాట గోడలకు కొట్టుకుని గణగణలాడుతుంది. లైబ్రరీలో పుస్తకాల బీరువాల మధ్య కూర్చుంటే ఆ మోత చాలావరకు తగ్గుతుంది. ఫ్యాను ఆపండి. ఫోనును బల్ల మీద నేరుగా పెట్టకుండా మడతపెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవాళ్ల నోటికి జానెడు దూరంలో పెట్టండి. ఎవరూ మాట్లాడకుండా 20 సెకన్లు గది నిశ్శబ్దాన్ని విడిగా రికార్డు చేయించండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ ముక్క చూపిస్తే మిగతా రికార్డింగులో అదే రకం గుయ్యిమనే శబ్దాన్ని తగ్గిస్తుంది. ఎన్‌ఏడీ, గోపాలపట్నం వైపు స్కూళ్లయితే నేవీ విమానాలు నెత్తిమీదుగా వెళ్తాయి, ఆ మోతను ఏ సాఫ్ట్‌వేరూ తీయలేదు. ఆగి, అది దాటాక ఆ వాక్యం మళ్లీ చెప్పించుకోవడమే మార్గం.

ఐదు నిమిషాల ఎపిసోడ్‌కు నలుగురు పిల్లలు సరిపోతారు, అంతకు మించితే ఇద్దరు చేసి మిగతావాళ్లు చూస్తారు. బాగా చదివే అమ్మాయికే మైకు, మిగతావాళ్లు సామాను మోయడానికి అన్న పద్ధతి వద్దు. ఎపిసోడుకూ ఎపిసోడుకూ పనులు మార్చండి. నోరు విప్పని పిల్లాడు ఆడాసిటీ ముందు కూర్చుంటే అందరికంటే చురుగ్గా కోస్తాడు, చూడండి.

ఈ దారికి ఉన్న పెద్ద చిక్కు టైము. పదో తరగతి జోలికి పోకండి, పబ్లిక్ పరీక్షల ఏడాది హెచ్‌ఎం ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం తప్పూ కాదు. తొమ్మిదిలో సాంఘికశాస్త్రం, తెలుగు టీచర్లు ఇద్దరూ కలిసి దీన్ని ప్రాజెక్టు పనిగా చూపిస్తే నచ్చజెప్పడం తేలిక.

రెండో చిక్కు అనుమతి. పిల్లల గొంతు, పేరు ఇంటర్నెట్‌లో పెట్టడం అంత తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే, వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి. నన్నడిగితే మొదటి ఏడాది ఎక్కడా అప్‌లోడ్ చేయకండి. ప్రార్థన సమయంలో, పేరెంట్స్ మీటింగ్ రోజున స్పీకర్‌లో వినిపించండి. వినేవాళ్లు ఎదురుగా ఉంటే పిల్లలకు వచ్చే సంతోషం వ్యూస్ లెక్కలో రాదు. తర్వాత బయట పెట్టాలనుకుంటే తల్లిదండ్రుల చేత, ఇంటర్వ్యూ ఇచ్చిన పెద్దల చేత సంతకాలు తీసుకుని, పిల్లల ఇంటిపేర్లు, ఉండే వీధి తీసేసి పెట్టండి. వెనకాల సినిమా పాట వేయాలన్న సరదా మాత్రం కట్టిపెట్టండి. బోధన కోసం తరగతి గదిలో చేసే వాడకానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి, అందరికీ కనబడేలా అప్‌లోడ్ చేయడం దాని కిందికి రాదు.

2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో జరిగిన గ్యాస్ లీకు లాంటి విషయాలు పిల్లలు తామే ఎత్తుకొస్తారు. ఆ చుట్టుపక్కల స్కూలైతే ఇళ్లవాళ్లతో ముందు మీరు మాట్లాడకుండా పిల్లల్ని ఫోనుతో పంపకండి.

మన కోసం మనం వినడం

2020 జాతీయ విద్యావిధానం టీచర్‌కు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటుంది. ఆ లెక్కకు దీక్షాలో నిష్ఠా అనే టీచర్ల శిక్షణ కోర్సులు చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. సొంతంగా పాడ్‌కాస్ట్ విన్న గంటకు కాగితం రాదు. కాబట్టి గంటలు నింపుకోవడమే మీ అవసరమైతే కోర్సులు చేసుకోండి, సందేహం వద్దు.

పాడ్‌కాస్ట్ బలం వేరే ఉంది. గాజువాక నుంచి భీమిలి వైపు స్కూలుకు బస్సులో వెళ్లే టీచర్‌కు రోజూ రానూపోనూ ఖాళీ చెవి దొరుకుతుంది. (బండి మీద వెళ్లేవాళ్లు ఇయర్‌ఫోన్లు బ్యాగులోనే ఉంచండి, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర మీ రెండు చెవులూ మీకు కావాలి.) తరగతిలో అల్లరి, తల్లిదండ్రులతో మాట్లాడటం, చదువులో వెనకబడ్డ పిల్లలు, ఇలాంటి వాటిమీద ఇంకో టీచర్ అనుభవం వినడానికి ఆడియో బాగా పనికొస్తుంది. భిన్నాలు ఎలా చెప్పాలో, ప్రయోగం ఎలా చూపించాలో తెలుసుకోవాలంటే పనికిరాదు. అక్కడ బోర్డు కనబడాలి, వీడియోకే వెళ్లండి. ఇంగ్లిష్ ఎపిసోడ్లు చాలావరకు పాతిక మంది పిల్లల తరగతిని, పక్కన సహాయకుల్ని ఊహించుకుని మాట్లాడతాయి. మన తరగతికి ఏది నప్పుతుందో వడపోసుకోవాలి.

ఆ వడపోత ఒంటరిగా జరగదు. అందుకే కాంప్లెక్స్ (చుట్టుపక్కల స్కూళ్ల టీచర్ల) మీటింగ్‌లో ఎనిమిది నిమిషాల ముక్క ఒకటి పెట్టి, "ఇది మన దగ్గర నడుస్తుందా?" అని పావుగంట వాదించుకోవడం నెల రోజుల ఒంటరి వినికిడి కంటే మేలు. ఇంకా నయం, మీ కాంప్లెక్స్‌లో ఒకటో తరగతికి చదవడం బాగా నేర్పే ఎస్‌జీటీ (ప్రైమరీ టీచర్) ఒకరుంటారు. ఆవిడ స్టేజీ ఎక్కమంటే ఎక్కరు, వ్యాసం రాయమంటే రాయరు. టీ తాగుతూ అడిగి, చెప్పి, ఒప్పుకుంటేనే ఆరు నిమిషాలు రికార్డు చేయండి. అది మీ జిల్లాకు బయటి నిపుణుల ఎపిసోడ్ కంటే ఎక్కువ పని చేస్తుంది. ఒకటే షరతు: కలిసి విని వాదించుకునే ఆ గ్రూపులో పై అధికారులెవరూ ఉండకూడదు. ఉంటే అందరూ "బాగా జరుగుతోందండీ" అనే అంటారు.

ఎవరికి ఏది

ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నవాళ్లు పిల్లలచేత చేయించే పని పెట్టుకోకండి. మీ గొంతు రికార్డింగులే మీకు సహాయ టీచర్: మూడో తరగతి వాళ్లు స్పీకర్ ముందు వింటూ చదువుతుంటే మీరు ఒకటో తరగతి దగ్గర కూర్చోవచ్చు. ప్రైవేటు స్కూల్లో ఉంటే వార్షికోత్సవం కోసం పాడ్‌కాస్ట్ చేయమని యాజమాన్యం అడగొచ్చు. స్క్రిప్టు టీచర్ రాసి పిల్లాడు బట్టీపట్టేలా ఉంటే నాటకం వేయడమే మేలు. హెచ్‌ఎంలు కంప్యూటర్ ల్యాబు తాళం, వారానికి ఒక పీరియడు ఇస్తే చాలు, నిధులు అక్కర్లేదు.

2022లో జిల్లాలు విడిపోయాక పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అటువైపు పనిచేస్తూ విశాఖలో కాపురముంటున్న టీచర్లు చాలామంది. కొండమీద సిగ్నల్ ఉండని ఊళ్లకు యాప్‌లు, లింకులు దండగ. మెమరీ కార్డు పట్టే చిన్న స్పీకరు కొనండి. పిల్లల ఇంటిభాష కువియో, ఆదివాసీ ఒడియానో అయితే మొదటి రికార్డింగు ఊళ్లో అవ్వ చెప్పే కథ కావాలి, ఆ తర్వాతే తెలుగు, ఇంగ్లిష్. ఆదివారం విశాఖలో వైఫై దొరికినప్పుడు వారానికి సరిపడా ఎక్కించుకుని వెళ్లండి. ఇలాంటి స్పీకర్లలో చాలావాటికి పేర్ల వరుస పట్టదు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే దాన్నే ముందు మోగిస్తాయి. కాబట్టి ఫైళ్లన్నీ ఒక్కసారి ఎత్తి పడేయకుండా సోమవారం పాఠంతో మొదలెట్టి ఒక్కొక్కటిగా ఎక్కించండి.